ఆఫర్ లెటర్ వచ్చింది సరే, గది దొరికిందా?



పేరెంట్స్ మీటింగ్‌లో ఇంగ్లిష్ మార్కుల గురించి మాట్లాడదామని నేను ఫైలు తెరుస్తాను. ఈమధ్య చాలామంది అడిగేది మాత్రం వేరే. "మేడమ్, మావాణ్ణి మాస్టర్స్‌కి ఏ దేశం పంపితే మంచిదంటారు?" వాడు ఇంకా తొమ్మిదో తరగతి. ఎగతాళికి చెప్పడం లేదు. పొలం, బంగారం, ఇంటి కాగితాలు, అన్నీ ఆ ఒక్క ప్రశ్న చుట్టూ తిరిగే ఇళ్ళు మనవి. తెనాలిలో మా ఇల్లూ అంతే.

అమెరికా వీసా మీద నమ్మకం తగ్గి, కెనడా నిబంధనలు బిగిశాక, మన వాట్సాప్ గ్రూపుల్లో ఐర్లాండ్ పేరు ఎక్కువగా వినపడుతోంది. మా తమ్ముడు అక్కడే మాస్టర్స్ చేశాడు, అక్కడే ఉద్యోగంలో ఉన్నాడు. అందుకని నన్ను అడిగేవాళ్ళూ ఎక్కువయ్యారు. అందరికీ విడివిడిగా చెప్పేది ఒకచోట రాస్తున్నాను. ఐర్లాండ్ మంచి చోటే. కానీ ఉండటానికి గది ఖాయం కాకుండా పిల్లల్ని విమానం ఎక్కించకండి. గది దొరక్కపోతే ఒక ఏడాది ఆపండి. ఆఫర్ లెటర్ చేతిలో ఉన్నా సరే, ఆపండి.

ఏడాది ఆపడమంటే మనకు ప్రాణం పోయినంత పని. ఒక సంగతి గమనించారా? ఇంటర్ తర్వాత ర్యాంకు కోసం లాంగ్ టర్మ్ కోచింగ్‌లో ఏడాది కూర్చుంటే దాన్ని పట్టుదల అంటాం. డిగ్రీ అయ్యాక ఏడాది ఆగితే మాత్రం 'గ్యాప్ వచ్చేసింది' అంటాం. ఆ ఏడాదీ ఏడాదే, ఈ ఏడాదీ ఏడాదే.

ఐర్లాండ్‌ను ఎందుకు ఎంచుకుంటున్నారో నాకు తెలుసు. మాస్టర్స్ చాలావరకు ఒక్క ఏడాదిలో పూర్తవుతుంది. బోధన ఇంగ్లిష్‌లో. చదువయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి స్టాంప్ 1జి కింద మొత్తం 2 ఏళ్ళ దాకా ఉండనిస్తారు. గూగుల్, మెటా లాంటి కంపెనీల ఐరోపా కార్యాలయాలు డబ్లిన్‌లో ఉన్నాయి, యాపిల్ 1980 నుంచి కార్క్‌లో ఉంది, ఇంటెల్ ఫ్యాక్టరీ లీక్స్‌లిప్‌లో ఉంది. మందుల కంపెనీలకు లెక్కే లేదు. ఇవన్నీ నిజాలే, కన్సల్టెన్సీవాళ్ళు చెప్పేది అబద్ధం కాదు. చెప్పకుండా వదిలేసేదే అసలు సంగతి. యూనివర్సిటీలో సీటు కుదిర్చినందుకు వాళ్ళకు కమీషన్ వస్తుంది. గది కుదిర్చినందుకు రాదు.

ఐర్లాండ్ ద్వీపమని మనమంతా సోషల్ పరీక్షలో రాసినవాళ్ళమే. అక్కడ చదువుకు వెళ్ళేవాడికి ఆ మాట అర్థమయ్యే తీరు వేరు. ద్వీపం మొత్తం కలిపినా విస్తీర్ణం దాదాపు 84 వేల చదరపు కిలోమీటర్లు. తెలంగాణ ఒక్కటే 1.12 లక్షలు. అందులోనూ ఉత్తర భాగంలో 6 కౌంటీలు బ్రిటన్‌వి. మిగిలిన 26 కౌంటీలే మనం వీసా తెచ్చుకునే దేశం. ఉద్యోగాల్లో, కాలేజీల్లో పెద్ద వాటా డబ్లిన్ చుట్టూనే. ఒక ఊళ్ళో ఇల్లు దొరకకపోతే ఐరోపా ఖండంలోని ఇంకో దేశంలో దింపే రైలు ఉండదు. సముద్రం ఉంటుంది.

బెల్‌ఫాస్ట్ సంగతి వినండి. డబ్లిన్ నుంచి రైల్లో రెండు గంటల ప్రయాణం. దారిలో సరిహద్దు దాటినట్టు కూడా తెలియదు, తనిఖీ గేటు ఉండదు, పాస్‌పోర్టు అడిగే మనిషి కనపడడు. కానీ ఐర్లాండ్ స్టూడెంట్ వీసా మీద ఉన్న మన పిల్లవాడు ఆ గీత దాటాలంటే బ్రిటన్ వీసా ఉండాలి. లేకుండా వెళ్తే అది చట్టవిరుద్ధం, రేపు ఉద్యోగ పర్మిట్‌కు అప్లై చేసేటప్పుడు ఇబ్బంది. ఫ్రెండ్స్ వారాంతం ట్రిప్ అంటే ఆలోచించకుండా టికెట్ కొనేవాళ్ళున్నారట. పారిస్‌కూ అంతే. ఐర్లాండ్ షెంజెన్‌లో లేదు, దానికి ఇంకో వీసా. యూరప్ వెళ్ళాం కదా యూరప్ అంతా చూస్తాం అనుకునే పిల్లలకు ఇది ముందే చెప్పాలి.

ఇక గది. ఇంత కరువు ఎందుకొచ్చిందో తెలిస్తే తప్ప, 'ఏదో ఒకటి దొరక్కపోతుందా' అన్న మన ధీమా పోదు. 2006 నాటికి అక్కడ ఏటా దాదాపు 90 వేల ఇళ్ళు కట్టేవారు. 2008లో బ్యాంకులు కుప్పకూలాయి, బిల్డర్లు మునిగారు, పనివాళ్ళు ఆస్ట్రేలియాకో కెనడాకో వెళ్ళిపోయారు. 2013లో పూర్తయిన కొత్త ఇళ్ళు 5 వేలు కూడా లేవు. తర్వాత కంపెనీలు వచ్చాయి, ఉద్యోగులు వచ్చారు, విద్యార్థులు వచ్చారు. ఇళ్ళు ఆ వేగంతో రాలేదు. పాతికేళ్ళు దాటి ఉద్యోగం చేస్తున్న ఐరిష్ యువకులే ఇంకా అమ్మానాన్నల ఇంట్లో ఉంటున్నారు. ఇలాంటి చోటికి, సరిగ్గా ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో, స్థానిక పిల్లలు కూడా కాలేజీల్లో చేరి గదుల కోసం తిరుగుతున్న వేళ, మనవాడు రెండు సూట్‌కేసులతో దిగుతాడు.

లెక్క చూద్దాం. స్టూడెంట్ వీసా మీద క్లాసులు జరిగే రోజుల్లో వారానికి 20 గంటలు పని చేయొచ్చు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా, డిసెంబరు 15 నుంచి జనవరి 15 దాకా 40 గంటలు. 2025లో కనీస వేతనం గంటకు 13.50 యూరోలు. అంటే వారానికి 270, నెలకు సుమారు 1,170 యూరోలు. అదీ ఇరవై గంటలూ దొరికితే. డబ్లిన్‌లో ఇంకొకరి ఇంట్లో ఒక గదికి 800 నుంచి 1000 దాకా పోతుంది. విద్యార్థుల కోసమే కట్టిన ప్రైవేటు హాస్టళ్ళు వెయ్యి దాటినవే ఎక్కువ. యూరో మన డబ్బుల్లో వంద రూపాయల చుట్టూ ఉంది. పార్ట్‌టైమ్ జీతంతో ఫీజు తీర్చేస్తాడన్న మాట ఎవరైనా అంటే నమ్మకండి. ఆ జీతం అద్దెకు, బియ్యానికి, బస్సుకు సరిపోతే గొప్ప. మొదటి రెండు నెలలు అసలు పని దొరక్కపోవచ్చు కూడా. కోర్సును బట్టి 15 వేల నుంచి 25 వేల యూరోల దాకా ఉండే ఫీజు మీ చేతి నుంచి వెళ్ళాల్సిందే.

మా తమ్ముడికి 2022లో డేటా అనలిటిక్స్‌లో ఆఫర్ వచ్చింది. జూన్ నుంచి గదుల కోసం మెయిల్స్ పెట్టాడు. నలభై పెడితే మూడింటికి జవాబు. ఒకాయన ఫొటోలు పంపాడు, మెరిసిపోయే వంటగది, కిటికీలోంచి పచ్చటి చెట్టు. తాను ప్రస్తుతం వేరే దేశంలో ఉన్నానని, రెండు నెలల అద్దె వేస్తే తాళంచెవి కొరియర్ చేస్తానని రాశాడు. మా నాన్నగారు బ్యాంకుకు బయల్దేరారు కూడా. వాడు ఒక్కసారి వీడియోలో ఇల్లు చూపించమని అడిగాడు. అంతే, ఆ మనిషి మళ్ళీ కనపడలేదు. ఈ తాళంచెవి కథ అక్కడ ఏటా సెప్టెంబరు ముందు నడుస్తుంది. గార్డా, అంటే అక్కడి పోలీసులు, హెచ్చరికలు ఇస్తూనే ఉంటారు. మోసపోయేవాళ్ళు ఉంటూనే ఉంటారు. దూరం నుంచి డబ్బు పంపేవాళ్ళే వాళ్ళకు కావలసిన గిరాకీ.

ఆగస్టు మూడో వారానికీ గది లేదు. వాడు ఆఫర్‌ను వచ్చే ఏడాదికి వాయిదా వేయమని యూనివర్సిటీకి రాశాడు. వాళ్ళు ఒప్పుకున్నారు. (ప్రతి కోర్సుకూ ఒప్పుకోరు. కట్టిన డిపాజిట్ ఏమవుతుందో ముందే రాతపూర్వకంగా అడగాలి.) మా ఇంట్లో మాత్రం వారం రోజులు అన్నం సహించలేదు. అప్పటికే వీధిలో అందరికీ చెప్పాం, స్వీట్లు పంచాం. "ఏమైందిరా, వీసా కొట్టేశారా?" అని అడగని బంధువు లేడు. నాన్నగారు పెళ్ళిళ్ళకు వెళ్ళడం కూడా తగ్గించారు. ఆ బాధ చిన్నదని నేను అనను. కానీ సూట్‌కేసులతో ఊరుగాని ఊళ్ళో పదిమంది పడుకునే బంక్ బెడ్ హాస్టల్లో నెలరోజులు ఉండి, పగలు గదుల కోసం తిరిగి, రాత్రి అసైన్‌మెంట్ రాయడం దానికంటే పెద్ద బాధ. ఒక్క ఏడాది కోర్సులో ఒక నెల పోతే పన్నెండో వంతు పోయినట్టే. అక్కడ పెద్ద కంపెనీల గ్రాడ్యుయేట్ ఉద్యోగాల దరఖాస్తులు కూడా సెప్టెంబరు, అక్టోబరుల్లోనే మొదలవుతాయి. ఆ నెలల్లో తల దాచుకునే చోటు లేనివాడు సీవీ ఎప్పుడు రాస్తాడు?

ఆ ఏడాది వాడు హైదరాబాద్‌లో చిన్న కంపెనీలో చేరాడు. ముగ్గురితో కలిసి ఫ్లాట్ తీసుకున్నాడు. అన్నం వార్చడం, బాత్‌రూమ్ కడగడం, అద్దె వాటా అడగడానికి మొహమాటపడకపోవడం, ఇవన్నీ అక్కడే నేర్చుకున్నాడు. మార్చి నుంచే అక్కడ చదువుతున్న సీనియర్లను అడుగుతూ వచ్చాడు. కోర్సు ముగించి ఖాళీ చేయబోతున్న ఒకబ్బాయి గది, ఆ అబ్బాయే ఇంటావిడతో మాట్లాడితే కుదిరింది. నేను చూసినంతలో నమ్మకమైన దారి ఇదే. మనిషి ఖాళీ చేసే గది మనిషి ద్వారా దొరకాలి.

దాన్ని అక్కడ 'డిగ్స్' అంటారు. యజమానులు ఉంటున్న ఇంట్లోనే ఒక గది మనకిస్తారు. ఇలా ఇచ్చేవాళ్ళకు ఏడాదికి 14 వేల యూరోల వరకు పన్ను మినహాయింపు ఉంది కాబట్టి కొందరు ముందుకొస్తారు. చౌక, ఇంటి వాతావరణం కూడా. కానీ చాలా డిగ్స్ సోమవారం నుంచి శుక్రవారం దాకే. శని, ఆదివారాలు ఐరిష్ పిల్లలైతే సొంత ఊరు వెళ్ళిపోతారు. మనవాడు ఎక్కడికి వెళ్ళాలి? మా తమ్ముడు మొదటి నెల శనివారం శనివారం బ్యాగు సర్దుకుని ఒక ఫ్రెండు సోఫా మీద పడుకున్నాడు. తర్వాత ఆవిడే జాలిపడి ఉండిపొమ్మంది. షరతు ఒక్కటే, ఇంగువ పోపు పెట్టకూడదు. పెట్టిన రోజు పొగ అలారం మోగి ఇల్లంతా లేచింది మరి.

ఇంకో ముఖ్యమైన తేడా. మామూలు అద్దె ఇంటికి అక్కడ చట్టం గట్టిగా ఉంది. అడ్వాన్సు కింద ఒక నెల డిపాజిట్, ఒక నెల అద్దె, అంతకుమించి అడగకూడదు. డిగ్స్‌లో ఉండేవాణ్ణి చట్టం ఆ లెక్కలో అద్దెదారుగా చూడదు. ఖాళీ చేయమంటే ఎన్ని రోజుల గడువు ఇస్తారు, డిపాజిట్ ఎప్పుడు తిరిగిస్తారు అన్నది కాగితం మీద రాయించుకోవాలి. ఇవి అడిగే ఇంగ్లిష్ మన పిల్లలకు రావడం లేదన్నదే నా దిగులు. వ్యాసం రాయమంటే రాస్తారు. "ఈ వాక్యానికి అర్థమేంటి, నేను సంతకం పెట్టేముందు చెప్పండి" అని ఎదుటి మనిషిని అడగలేరు.

భాష మాట వచ్చింది కాబట్టి టీచర్‌గా ఒక్కటి చెప్పి ముందుకెళ్తాను. అక్కడి ఇంగ్లిష్ మన టెక్స్ట్‌బుక్‌లోది కాదు. 'గ్రాండ్' అంటే గొప్పదని కాదు, సరేనని. 'ప్రెస్' అంటే వంటింటి అలమర. 'గివింగ్ అవుట్' అంటే తిట్టడం. ఇప్పుడే తిన్నానని చెప్పడానికి 'అయామ్ ఆఫ్టర్ ఈటింగ్' అంటారు, నా క్లాసులో ఎవరైనా రాస్తే ఎర్ర సున్నా పడేది. ఇదంతా ఐరిష్ భాష నీడ. ఆ భాషలో అవును, కాదు అనే మాటలే లేవు. వస్తున్నావా అంటే వస్తున్నాను అనే జవాబు. మనకు 'అవును' ఉన్నా మనమూ అలాగే చెప్తాం కదా! రోడ్డు బోర్డుల మీద ఇంగ్లిష్‌కు పైన ఐరిష్ పేరు ఉంటుంది. సిటీ సెంటర్‌కు వెళ్ళే బస్సు మీద 'అన్ లార్' అని చూసి మా తమ్ముడు మొదటి రోజు రెండు బస్సులు వదిలేశాడు.

భద్రత గురించి అడగని తల్లి లేదు. దాచడం నాకిష్టం లేదు. 2025 వేసవిలో డబ్లిన్‌లో భారతీయుల మీద దాడులు జరిగాయి. ఆగస్టు మొదట్లో మన రాయబార కార్యాలయం, వేళకాని వేళ నిర్మానుష్యమైన చోట్లకు వెళ్ళవద్దని సూచన ఇచ్చింది. అప్పటి అధ్యక్షుడు మైకేల్ డి. హిగ్గిన్స్ ఆ దాడులను ఖండించారు. ఇక్కడ కూడా నా దృష్టి గది మీదికే పోతుంది. ఊరికి దూరంగా, ఆఖరి బస్సు దిగి అరగంట నడవాల్సిన చోట చౌక గది తీసుకుంటే ఆ నడక చీకట్లోనే. డిసెంబరులో అక్కడ ఉదయం ఎనిమిదిన్నర దాటాక తెల్లవారి, సాయంత్రం నాలుగు గంటల వేళకే చీకటి పడుతుంది. నెలకు వంద యూరోలు ఎక్కువైనా బస్సు మార్గానికి దగ్గరగా ఉండమనే నా సలహా. అత్యవసర నంబర్లు 112, 999.

ఒక సంగతి మాత్రం ఆ దేశం గురించి చదివినప్పటి నుంచి నన్ను వదలడం లేదు. 1845లో బంగాళదుంప పంటకు తెగులు పట్టి వచ్చిన కరువులో అక్కడ సుమారు 10 లక్షల మంది చనిపోయారు, అంతకుమించి ఓడలెక్కి పోయారు. 1841లో ద్వీపం మీద 80 లక్షలకు పైగా ఉన్న జనం, ఈనాటికీ ఆ సంఖ్యకు తిరిగి చేరలేదు. పిల్లవాడు అమెరికా ఓడ ఎక్కే ముందు రాత్రి ఇంటిల్లిపాదీ, ఇరుగుపొరుగూ చేరి తెల్లార్లూ మేలుకొనేవారట. చనిపోయినవాళ్ళ దగ్గర జాగారం చేసినట్టే. దానికి 'అమెరికన్ వేక్' అని పేరు. మళ్ళీ చూడమని వాళ్ళకు తెలుసు. శంషాబాద్‌లో డిపార్చర్స్ గేటు ముందు రెండు కార్లలో వచ్చి నిలబడే మన కుటుంబాలను చూసినప్పుడు నాకు ఆ మాట గుర్తొస్తుంది. మనకు వీడియో కాల్ ఉంది, వేసవిలో నాలుగున్నర గంటలు, చలికాలంలో అయిదున్నర గంటల తేడా, అంతే. అయినా ఇల్లు విడిచి సముద్రం దాటడం అంటే ఏంటో ఆ దేశానికి బాగా తెలుసు. మా తమ్ముడి ఇంటావిడ అన్నదమ్ముల్లో ఇద్దరు న్యూయార్క్‌లో స్థిరపడ్డారు. వాడు దసరాకు బెంగగా ఉంటే ఆవిడ ఏమీ అడగకుండా టీ పెట్టి ఇచ్చిందట.

మనకూ ఆ ద్వీపానికీ రాకపోకలు కొత్తవి కావు. బరంపురంలో పుట్టిన మన వి.వి. గిరి 1913లో లా చదవడానికి డబ్లిన్ వెళ్ళారు. 1916లో అక్కడ తిరుగుబాటు జరిగాక, దేశం విడిచి వెళ్ళమని ఉత్తర్వు అందితే తిరిగొచ్చారు. తర్వాత రాష్ట్రపతి అయ్యారు. అటునుంచి ఇటు వచ్చిన మార్గరెట్ కజిన్స్, ఆమె భర్త జేమ్స్ కజిన్స్ మదనపల్లెలో ఉన్నారు. 1919లో టాగూర్ అక్కడికి వచ్చినప్పుడు జనగణమనకు స్వరాలు రాసుకున్నది ఆమే. మన అసెంబ్లీలో రోజూ పాడే పాట వెనుక ఒక ఐరిష్ మహిళ ఉందని పిల్లలకు చెప్తే కళ్ళు పెద్దవి చేసుకుంటారు.

కాబట్టి వద్దని చెప్పడానికి ఇది రాయలేదు. వెళ్ళాలనుకుంటే డబ్లిన్ ఒక్కటే కాదు, కార్క్, లిమరిక్, గాల్వే కూడా చూడమని చెప్పండి. అక్కడా గదుల కొరత ఉంది, కానీ అద్దె కొంత తక్కువ. కన్సల్టెన్సీలో ర్యాంకింగ్ అడిగిన వెంటనే, క్యాంపస్‌లో విదేశీ విద్యార్థులకు మొదటి ఏడాది గది ఖాయంగా ఇస్తారా అని అడగండి. యూనివర్సిటీ వసతి కార్యాలయానికి పిల్లవాడే స్వయంగా మెయిల్ పెట్టాలి, మీరు కాదు, కన్సల్టెన్సీ కాదు. ఆఫర్ వచ్చిన రోజు నుంచే వెతుకులాట మొదలవ్వాలి. జూలై చివరికి కాగితం మీద గది లేకపోతే వాయిదా గురించి ఇంట్లో కూర్చుని మాట్లాడుకోండి. ఆ మాట మొదట పిల్లల నోటి నుంచి రాదు, మీరు ఏమనుకుంటారోనని. మీరే ఎత్తాలి. స్వీట్లు పంచేది గది దొరికాక పంచుకుందాం.

ఈ టర్మ్‌లో తొమ్మిదో తరగతి పిల్లలకు నేను ఇంగ్లిష్‌లో ఒక అద్దె ఒప్పందం చదివి, సంతకానికి ముందు అడగాల్సిన పది ప్రశ్నలు రాసే పని ఇస్తున్నాను. మీ ఇంట్లో అలాంటి అగ్రిమెంటు కాగితం ఏదైనా ఉంటే జిరాక్స్ తీసి, పేర్లు, ఆధార్ నంబర్లు కొట్టేసి సోమవారం పిల్లలతో పంపించండి.